తాబేలు వచ్చు ఋతువు: అటవీ, మత్స్యశాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

మాన్యులగు ఆంధ్రప్రదేశ్ అటవీశాఖామాత్యులకును, మత్స్యశాఖామాత్యులకును,

ఒకే లేఖను ఇరువురు మంత్రులకు వ్రాయుటకు కారణము కలదు. మార్గశిరమున చలిగాలులు వీచుట మొదలుకొని ఫాల్గుణము దాటువరకు మన కోస్తాతీరమున గ్రుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లీ తాబేలు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో పులితోడను ఏనుగుతోడను సమానమైన స్థానము పొందిన ప్రాణి. అయినను ఆచరణలో అది ఇసుకమీద నున్నంతసేపు అటవీశాఖవారి పోషణలోను, నీటిలో నున్నంతసేపు మత్స్యశాఖవారు పడవలకు విధించిన నియమములను పడవలవారు పాటించుట మీదను ఆధారపడి బ్రదుకుచున్నది. ఒడ్డున దాని గ్రుడ్లను వెదకి, కుక్కలనుండియు నక్కలనుండియు కాపాడుటకు ఒక శాఖవారు రాత్రులు మేల్కొని శ్రమించుచుండగా, అదే రాత్రి, అదే ఒడ్డునకు కనుచూపుమేరలో, ఇంకను గ్రుడ్లు పెట్టవలసియున్న తల్లి మరపడవ యీడ్చు వలలో ఊపిరాడక మరణించుచున్నది. మరునాటి ఉదయమున అలలు దానిని తెచ్చి ఆ గ్రుడ్ల కంచెకు ఎదురుగనే పడవేయుచున్నవి.

శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు తీరగ్రామములలో నివసించువారెవ్వరికిని ఈ దృశ్యము క్రొత్తది కాదు. మెడ ఉబ్బి, కనుగ్రుడ్లు వెలికివచ్చి, పెంకుమీద ఒక్క గాటైనను లేక పడియున్న కళేబరములను నేను మా తీరమున అనేకపర్యాయములు చూచితిని. గాయము లేని ఆ చావు ఎట్లు కలిగినదో అడిగినచో, సముద్రము మీద జీవితము గడపిన వృద్ధ జాలరి ఎవరైనను తడువుకొనకుండ చెప్పును: వలలో చిక్కి, ఊపిరికి పైకి రాలేకపోయినదని. శ్రీకూర్మనాథుడు వెలసిన జిల్లాలో తాబేలును చంపవలెనని కోరు జాలరి లేడు. తన వలలో పడినదానిని మ్రొక్కి విడుచువారిని నే నెరుగుదును. కావున ఈ లేఖ ఎవరిమీదను నేరము మోపుటకు వ్రాయుచున్నది కాదు. సరీసృపముల ప్రవర్తనను గూర్చి అర్ధశతాబ్దికి పైగా శాస్త్రజ్ఞులు శ్రమించి తెలిసికొన్న విషయములు మన వేటనియమములలోనికిగాని, మన గ్రుడ్లపెంపక కేంద్రములలోనికిగాని, మన తీరమునందలి దీపములలోనికిగాని ఇంతవరకు ప్రవేశింపలేదనియు, అవి ప్రవేశించువరకు మనము చేయు సంరక్షణ సగము కండ్లు మూసికొని చేయు పనియే యగుననియు విన్నవించుటయే నా ఉద్దేశ్యము.

తాబేలు గ్రుడ్లు పెట్టు విధమును దగ్గరనుండి చూచిన వారికి, ఆ పనిలో ఎంత క్రమమున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. సుమారు 40 కిలోల బరువుగల ఆ తల్లి, అలలు తాకని మెట్టను చేరి, ముందు తన దేహము పట్టునంత పై ఇసుకను ప్రక్కలకు నెట్టివేసి, తడియిసుక తగిలిన పిమ్మట వెనుక తెడ్డుకాళ్లతో గుంత త్రవ్వ నారంభించును. కుడికాలు ఇసుకను దోసిలించి పైకి తెచ్చి ప్రక్కన పెట్టగనే ఎడమకాలు తన వంతు ఇసుకను ముందునకు చిమ్మి లోనికి దిగును. తాను ఒక్కసారియైనను వెనుకకు తిరిగి చూడని ఆ గుంత, మెడ సన్నమై అడుగు విశాలమైన కూజావలె, మూరెడు లోతున తయారగును. అందులో నూరు మొదలు నూటయిరువది వరకు గ్రుడ్లు విడిచి, ఇసుక కప్పి, దేహమును ఇటునటు ఊపుచు పొట్టపెంకుతో ఆ నేలను దబదబ మోది గట్టిపరచును. ఆ చప్పుడు నిశ్శబ్దమైన రాత్రి కొన్ని గజముల దూరమునకు వినబడును. కన్నులవెంట జారు చిక్కనినీరు ప్రసవవేదనకు గుర్తని మన పల్లెలలో చెప్పుకొందురు. సముద్రపు ఉప్పును దేహమునుండి వెలికి పంపు గ్రంథులు కన్నుల చెంత నుండుటచే, నీటిలోనున్నప్పుడును అవి అట్లే స్రవించుచుండును. గంటలోపల పని ముగించుకొని పోయిన తల్లి ఆ గూటిని మరల చూడదు. అటుపిమ్మట 45 మొదలు 60 దినముల వరకు ఆ నూరు ప్రాణములకు తల్లియు తండ్రియు ఆ ఇసుకయే.

ఇసుకయే తల్లియని నేననుట అలంకారమునకు కాదు. 1966లో మదెలీన్ షార్నియే అను పరిశోధకురాలు పశ్చిమాఫ్రికాలోని డకార్ నగరమున, మన తొండల కుటుంబమునకు చెందిన అగామా అను బల్లి గ్రుడ్లను పరిశీలించి, పుట్టబోవు పిల్ల ఆడదగునో మగదగునో గ్రుడ్డు పొదిగిన వేడిమిని బట్టి యుండునని మొదట కనుగొనెను. ఆ మాటను ఆనాడు పట్టించుకొన్నవారు తక్కువ. కొన్నేండ్లకు క్లోద్ పియో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తాబేళ్లయందును అదే ధర్మమును చూపిన తరువాత, సముద్రకూర్మములన్నిటికిని అది వర్తించునని క్రమముగా తేలినది. ఇసుకలోని వేడిమి సుమారు 29, 30 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నున్నచో ఆడపిల్లలును మగపిల్లలును దాదాపు సమముగా పుట్టును. అంతకు ఒకటి రెండు డిగ్రీలు చల్లబడినచో మగవియు, వేడెక్కినచో ఆడవియు అధికమగును. ఇంకను మిక్కిలి వేడెక్కినచో గ్రుడ్డులోనే పిండము చచ్చును. ఈ నిర్ణయము పొదుగుకాలములోని నడిమి మూడవవంతున జరుగును. పిల్ల బయటికి వచ్చిన పిదప దాని ఆకారమును చూచి లింగమును చెప్పుట ఎంతటి అనుభవజ్ఞునికిని సాధ్యము కాదు.

ఈ సంగతి సంరక్షకులకు ఎంత ముఖ్యమైనదో నికొలస్ మ్రొసోవ్‌స్కీ, యింటెమా అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1980లోనే ఒక వ్యాసమున హెచ్చరించిరి. ఆ కాలమున పలుదేశములలో తాబేలుగ్రుడ్లను సదుద్దేశ్యముతో సేకరించి థర్మోకోల్ పెట్టెలలో పొదిగించుచుండిరి. ఆ పెట్టెలలో వేడిమి తీరపు ఇసుకకంటె తక్కువయగుటచే, రక్షించితిమనుకొన్న వేలకొలది పిల్లలు మగవే కావచ్చునని వారు చూపిరి. అమెరికాలోని టెక్సస్ తీరమున, మన రిడ్లీకి సోదరజాతియగు కెంప్స్ రిడ్లీని నిలుపుటకు 1978లో మొదలిడిన గొప్ప ప్రయత్నమునందు సరిగా అట్లే జరిగి, తొలి సంవత్సరములలో మగపిల్లలే హెచ్చుగా పుట్టినట్లు తెలిసిన పిమ్మట, పొదుగు వేడిమిని పెంచి సరిదిద్దుకొనిరి. ఈనాటి ప్రమాదము దానికి ఎదురుదిక్కున నున్నది. ఆస్ట్రేలియా ఉత్తరభాగమున రెయిన్ ద్వీపపు పరిసరములలో జన్మించు పచ్చతాబేళ్లను పరీక్షించి 2018లో ప్రకటించిన పరిశోధనలో, పెద్దవానిలో ఆడవి నూటికి 87 వంతున నుండగా, ఇంకను ఎదుగుచున్నవానిలో నూటికి 99కి మించి ఆడవే యుండెను. అనగా గడచిన కొన్ని దశాబ్దములుగా ఆ ఇసుక మగపిల్లలను కనుట దాదాపు మానివేసినదన్నమాట. ఒక మగతాబేలు పెక్కు ఆడతాబేళ్లతో కూడగలదు కనుక ఆడవి కొంత అధికముగా నుండుట ప్రకృతిసిద్ధమే. కాని మగవి పుట్టకయే పోవుచున్న తీరము, పైకి గూళ్లతో కళకళలాడుచున్నను, లోలోపల క్షీణించుచుండును. ఆ క్షీణత లెక్కలలో కనబడుటకు తాబేలు పెద్దదగుటకు పట్టునంత కాలము, అనగా పది పదునైదేండ్లకు పైగా పట్టును. అప్పటికి మనము చేయగలది మిక్కిలి స్వల్పము.

అటవీశాఖామాత్యా, ఇప్పుడు మన హేచరీల మాట. సరుగుడుకర్రలు పాతి, వల కట్టి, రాత్రులు సేకరించిన గ్రుడ్లను వరుసగా పూడ్చి, ఒక్కొక్క గూటికి చీటి తగిలించి మన తీరమున నడుపుచున్న కేంద్రములు ఎందరో నిరుపేద కావలివారి శ్రమఫలము. ఆ శ్రమకు నేను నమస్కరించుచున్నాను. ఆ చీటిమీద తేదీయు గ్రుడ్ల సంఖ్యయు ఉండును. వేడిమి ఉండదు. నేను చూచిన ఒకానొక కేంద్రమున మధ్యాహ్నపు టెండలో ఇసుక పాదమును కాల్చుచుండగా, పైన ఒక తాటాకు నీడయైనను లేదు. మరియొకచోట దట్టమైన సరుగుడు నీడలో రోజంతయు ఇసుక చల్లగా నుండెను. ఈ రెండుచోట్ల పుట్టు పిల్లలు ఒకే తీరపు తాబేళ్లైనను ఒకే నిష్పత్తిలో నుండవు. ఏ నిష్పత్తిలో నున్నవో తెలిసికొనుటకు, గూటి మధ్యలో పాతిపెట్టి గంటగంటకు వేడిమిని నమోదు చేయు చిన్న యంత్రము చాలును. అది ఖరీదైనది కాదు, నాణెమంత యంత్రములే లభించుచున్నవి. కేంద్రమున కొన్ని గూళ్లలోను, కేంద్రము వెలుపల సహజముగా వదలిన కొన్ని గూళ్లలోను దానిని ఉంచి పోల్చి చూచినచో, ఎక్కడ నీడ వేయవలెనో, ఎక్కడ తీసివేయవలెనో ఊహమీద కాక లెక్కమీద తేలును.

ఇందులోనే ఋతువును గూర్చిన సంగతి కూడ ఒకటి యిమిడియున్నది. డిసెంబరు, జనవరిలో పెట్టిన గ్రుడ్లు చలియిసుకలో పొదుగబడును. మార్చిలో పెట్టినవి వేసవి యెండలో పొదుగబడును. ఆ తొలి గూళ్లనుండియే మన తీరపు మగపిల్లలలో హెచ్చుభాగము వచ్చుచుండవచ్చునని శాస్త్రధర్మమును బట్టి ఊహింపవచ్చును. తాబేళ్లు ఎక్కువగా వచ్చు రోజులు చూచుకొని, నిధులు మంజూరైన పిమ్మట, జనవరి సగము గడచిన తరువాత కంచెలు కట్టుట మొదలుపెట్టినచో, కుక్కల పాలగు ఆ కొద్ది తొలిగూళ్లే మిక్కిలి విలువగలవి కావచ్చును. గ్రుడ్లను తరలించు సమయమును గూర్చియు ఇట్టిదే ఒక ధర్మము కలదు: పెట్టిన కొద్ది గంటలకు పిండము పెంకు లోపొరకు అంటుకొనును, అటుపిమ్మట గ్రుడ్డును దొర్లించినను, తలక్రిందులు చేసినను అది చచ్చును. రాత్రి పెట్టినదానిని రాత్రియే, పైభాగము పైననే యుండునట్లు పట్టి తరలింపవలెను. తెల్లవారిన పిదప కనబడిన గూటిని కదల్పక, అక్కడనే జాలి కప్పి కాపాడుట మేలు. ఈ మాత్రము కావలివారికి నేర్పుటకు ఒక సాయంకాలము చాలును.

పిల్లలను విడుచు వేడుకను గూర్చి చెప్పుటకు నాకు కొంత బాధగా నున్నది, ఏలయనగా అది చిన్నపిల్లలకు ఎంతో ఆనందము కలిగించు దృశ్యము. పై ఇసుక చల్లబడుటను గుర్తుపట్టి తాబేలుపిల్లలు రాత్రివేళనే గుంపుగా వెలికివచ్చును. వచ్చిన క్షణమునుండి వానిలో ఒక ఆవేగము పుట్టును: నీటిని చేరువరకు ప్రాకుట, చేరినది మొదలు సుమారు ఒక దినము విరామము లేకుండ లోతునీటి వైపునకు ఈదుట. పొట్టలో మిగిలియున్న పచ్చసొనయే ఈ యాత్రకు పాథేయము. ఒడ్డు చెంత చేపలును పక్షులును కాచుకొనియుండు జలములను దాటిపోవుటకు ప్రకృతి వానికి ఇచ్చిన గడువు ఆ ఒక్క దినమే. అతిథులు వచ్చువరకని, ఛాయాచిత్రముల కొరకని, తెల్లవారినదాక వానిని బుట్టలలోను తొట్లలోను ఉంచినచో, ఆ ఆవేగము తొట్టిగోడలకు కొట్టుకొనియే తీరిపోవును. అలసిన పిల్ల వెలుతురులో నీటిలోనికి దిగి మొదటి అలలోనే పక్షికి దొరకును. దినదినము ఒకేచోట విడుచుటవలన చేపలు ఆ చోటికి మరగును. వెలికివచ్చిన రాత్రియే, వేర్వేరు చోట్ల, తమంతట తాము ప్రాకునట్లు విడువవలెనని మీరు ఒక్క ఉత్తరువు చేసినచో, అందుకు ధనవ్యయము ఏమియు లేదు. పాఠశాల బాలురు ఆ రాత్రి వచ్చి, దీపము లేకుండ, దూరముగా నిలిచి చూచినను వారి ఆనందము తరుగదు.

దీపముల మాట వచ్చినది కనుక చెప్పుచున్నాను. ఇసుకనుండి వెలువడిన పిల్లకు సముద్రమెక్కడ నున్నదో తెలుపునది వెలుతురు. నక్షత్రకాంతి పడిన నీటిపై ఆకాశము తక్కువ ఎత్తున ప్రకాశించును. వెనుకనున్న తిన్నెలును చెట్లును నల్లగా నుండును. నలుపునకు దూరముగా, వెలుగునకు చేరువగా పోవుటయే దాని స్వభావము. నీటిలో దిగిన పిమ్మట అలలకు ఎదురుగా ఈదును. ఒడ్డు దాటిన తరువాత భూమియొక్క అయస్కాంతక్షేత్రమును బట్టి దిక్కును నిలుపుకొనునని కెన్నెత్ లోమన్ మొదలగు శాస్త్రజ్ఞులు లాగర్‌హెడ్ తాబేలుపిల్లలతో ప్రయోగములు చేసి చూపిరి. ఇంతటి నైపుణ్యము గల ప్రాణిని ఒక్క వీధిదీపము వంచించుచున్నది. విశాఖనుండి భీమిలి వైపు పోవు తీరపుబాట దీపములు, తీరము పొడవునను లేచుచున్న రిసార్టులు, రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రముల ప్రాంగణములలో తెల్లవార్లు వెలుగు ఫ్లడ్‌లైట్లు, ఇవన్నియు పిల్లలను సముద్రమునకు పెడముఖముగా నడపించుచున్నవి. తెల్లవారుసరికి అవి బాటమీద చక్రముల క్రిందనో, గోడల ప్రక్కన ఎండకు మాడియో కనబడును. జనవరి మొదలు మే వరకు, గూళ్లున్న తీరములలో సముద్రమువైపు చూచు దీపములను ఆర్పుటయో, నేలవైపునకు వంచి మరుగు కట్టుటయో, తెలుపునకు బదులు ఎరుపు చాయగలవి పెట్టుటయో చేయించినచో చాలవరకు నివారణ జరుగును.

ఆ ఇసుకయే తరిగిపోవుచుండుట ఇంకొక విషయము. మన తీరము వెంబడి అలలు మోయు ఇసుక సంవత్సరము మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. దానికి అడ్డముగా రేవుగోడ కట్టినచో దక్షిణమున ఇసుక మేట వేయును, ఉత్తరమున తీరము కోతపడును. మూలపేటలోను, మచిలీపట్నములోను, రామాయపట్నములోను రేవులు నిర్మాణమగుచున్న ఈ కాలమున, ప్రతి రేవునకును ఉత్తరపు తీరమున గూళ్లు ఎన్ని యుండెనో ముందుగానే నమోదు చేసికొననిచో, పిమ్మట పోయినదేమో చెప్పగలవారుండరు. ఉప్పాడవద్ద సముద్రము ఇండ్లనే మ్రింగుచుండగా తాబేలు మాట ఎవరికి పట్టునని కొందరందురు. ఆ ఇండ్లును ఆ గూళ్లును ఒకే ఇసుకమీద నిలిచినవని వారికి నా మనవి. సరుగుడు తోటలయందును విచక్షణ అవసరము. అవి ఊరి దీపములను మరుగుపరచును, తుపానుగాలిని ఆపును. కాని అలలు తాకు మేర వరకు నాటినచో వేళ్లు అల్లుకొని తల్లికి త్రవ్వుటకు తావు మిగులదు. గూళ్లుండు మెట్టను విడిచి వెనుకకు జరిపి నాటవలెను.

మత్స్యశాఖామాత్యా, ఇక మీ పాలనలోని నీటి సంగతి. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము అమలగుచున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమును బట్టి ఏర్పరచిన ఆ గడువు చేపలకు తగినదే. కాని రిడ్లీ తాబేళ్లు ఒడ్డునకు దగ్గరగా గుమిగూడి జతకట్టి గ్రుడ్లు పెట్టునది డిసెంబరు మొదలు మార్చి వరకు. నిషేధము వచ్చుసరికి తల్లులు చాలవరకు మరలిపోవును, లేదా చచ్చియుండును. మన పొరుగురాష్ట్రమగు ఒడిశాలో ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖముల యెదుట 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 మొదలు మే 31 వరకు మరపడవలవేటను నిలిపివేయుచున్నారు. 2025 ఫిబ్రవరిలో ఒక్క ఋషికుల్య తీరమునకే సుమారు 7 లక్షల తాబేళ్లు వచ్చినవి. ఆ గుంపులలోనివి మన నీటిమీదుగానే పోవును, మన నీటిలోనే తిరుగును. ఒడిశాలో ప్రాణదానము పొందినది ఇచ్ఛాపురము దాటగనే ప్రాణము కోల్పోవుట ధర్మము కాదు. మన రాష్ట్రమంతట ఏడు నెలలు నిషేధింపుమని నేను కోరుటలేదు, అది జాలరుల పొట్టమీద కొట్టుటయగును. గూళ్లు దట్టముగా నుండు కొద్దిపాటి నదీముఖముల యెదుట మాత్రము, జనవరి మొదలు మార్చి నెలాఖరు వరకు, తీరమునుండి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు రాగూడదను పాత నియమమునే గట్టిగా అమలు జరిపినచో చాలును. ఆ నీరు తెప్పలమీదను నాటుపడవలమీదను బ్రదుకు బీదజాలరులకై కేటాయించినదే కావున, తాబేలుకు జరుగు మేలు వారికిని మేలే యగును.

ట్రాలు వలకు అమర్చవలసిన టెడ్ అను సాధనము సంగతి మీరెరుగనిది కాదు. వల గొంతులో ఏటవాలుగా కమ్మీల చట్రము బిగించి, దానికి చేర్చి ఒక ద్వారము విడుతురు; రొయ్యలును చేపలును కమ్మీల సందులనుండి వెనుకసంచిలోనికి పోవును, తాబేలు చట్రమునకు తగిలి ద్వారమునుండి బయటపడును. మన వలలకు తగినట్లు దానిని కేంద్ర మత్స్యసాంకేతిక పరిశోధనసంస్థవారే రూపొందించిరి. ఆ సంస్థ పరిశోధనకేంద్రము విశాఖపట్టణముననే యున్నది. అయినను మన రేవులలో నిలిచియున్న సోనాబోట్లు అను ట్రాలు పడవల వలలలో అది కనబడుట అరుదు. పెద్దచేపలు తప్పించుకొనునని యజమానుల భయము. ఆ భయమును ఉపన్యాసములు తీర్పజాలవు. సాధనమున్న వలను, లేని వలను ఒకే పడవనుండి, ఒకే నీటిలో, జాలరుల కన్నుల యెదుట లాగి, దొరకినదానిని తూచి చూపవలెను. నష్టము కలిగినచో దానిని ప్రభుత్వము పూరింపవలెను. సముద్రములో పట్టిన మన రొయ్యలను ఈ సాధనము లేదను కారణముచేతనే అమెరికా కొన్నేండ్లుగా కొనక త్రోసిపుచ్చుచున్నది కావున, ఈ వ్యయము వ్యర్థము కాదు. వలలో నిశ్చేష్టమై కనబడిన తాబేలు తప్పక చచ్చినదని యెంచరాదనియు, పొట్టపెంకు క్రిందికి వచ్చునట్లు పరుండబెట్టి, వెనుకభాగమును కొంత ఎత్తుచేసి, తడిగుడ్డ కప్పి కొన్ని గంటలు పడవమీద నుంచినచో ఎన్నియో తిరిగి ఊపిరి తీసికొనుననియు, తెలివిరాక మునుపే నీటిలోనికి త్రోయుట చంపుటతో సమానమనియు ప్రతి పడవకును తెలియజేయుట ఇంకను సులభము.

ఇట్టి పనులవలన ఫలము కలుగునా అని సంశయించువారికి కెంప్స్ రిడ్లీ కథ చెప్పవలెను. 1947లో మెక్సికోలోని రాంచో న్యువో తీరమున ఒక ఔత్సాహికుడు తీసిన చలనచిత్రమున ఒక్కరోజున సుమారు 40,000 తాబేళ్లు ఒడ్డెక్కుచు కనబడినవి. 1985 నాటికి ఆ సంవత్సరమంతయు కలిపి కనబడిన గూళ్లు 702. గ్రుడ్లను కాచుట అప్పటికే ఎన్నో యేండ్లనుండి జరుగుచున్నది. అయినను సంఖ్య పడిపోవుచునే యుండెను. ట్రాలు వలలకు టెడ్ తప్పనిసరి చేసిన పిమ్మటనే, ఒడ్డున కావలియు నీటిలో రక్షణయు కలిసిన తరువాతనే, గూళ్లు వేల సంఖ్యకు పెరిగెను. నేను ఈ లేఖను ఇరువురకు వ్రాయుటకు ఇంతకంటె బలమైన హేతువు నాకు తెలియదు.

పరిశోధన మాట చెప్పక ఈ లేఖ ముగియదు. భారత తీరములను కాలినడకన తిరిగి తాబేళ్ల గూళ్లను వెదకిన సతీశ్ భాస్కర్, 1982లో లక్షద్వీపములలోని సుహేలీ ద్వీపమున వానకాలమంతయు ఒంటరిగా గడపి, వచ్చిన ప్రతి తాబేలును నమోదు చేసిన మహానుభావుడు. ఆయన 2023లో స్వర్గస్థుడైనాడు. మన ఆంధ్రతీరమును బాసుదేవ త్రిపాఠీ, కార్తీక్ శంకర్, బి.సి. చౌధురి గారలు ఈ శతాబ్దారంభమున పరిశీలించి, ఇక్కడి ముఖ్యమైన గూళ్లస్థలములను 2003లో ప్రకటించిరి. ఒడిశాలో 2021లో కాలికి బిళ్ల కట్టి విడిచిన ఒక తాబేలు 2025లో దేశమునకు ఆవలివైపున, మహారాష్ట్రలోని గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టి, తూర్పు పడమరల తాబేళ్లు వేరువేరని తలచినవారిని పునరాలోచింపజేసినది. మన తూర్పుతీరపు రిడ్లీలు జన్యులక్షణములలో ఇతర సముద్రముల వానికంటె ప్రాచీనమైనవనియు, ఆ సముద్రముల రిడ్లీలకు మూలము ఇవియే కావచ్చుననియు 2004లో ప్రకటితమైన పరిశోధన సూచించుచున్నది. ఇంతటి విశిష్టత గల ప్రాణికి ఆతిథ్యమిచ్చు వేయి కిలోమీటర్ల తీరము మనకున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రశాఖ కలదు. ఏ గ్రామమునకు పోయినను ఏ మొగవద్ద ఏ నెలలో తాబేలు ఒడ్డెక్కునో చెప్పగల జాలరులు కలరు. ఈ మూడింటిని కలుపు ఏర్పాటు మాత్రము స్థిరముగా లేదు. ఒక సంవత్సరము నిధి వచ్చును, రెండవ సంవత్సరము రాదు. కావలివానికి నెలజీతము ఋతువు ముగిసిన తరువాత అందును. వ్రాసిన లెక్కల పుస్తకములు కార్యాలయముల బీరువాలలో చెదలు పట్టును.

కావున నా ప్రార్థన ఇది. కళింగపట్నమువద్ద వంశధార సంగమించు మొగ మొదలు కళ్లేపల్లివద్ద నాగావళి మొగ వరకు గల తీరమును, కాకినాడ యెదుట కోరంగి అభయారణ్యములోని హోప్ ఐలాండును మొదటి క్షేత్రములుగా తీసికొని, రాబోవు ఋతువునుండి పదేండ్లపాటు ఎడతెగకుండ ఒకే పద్ధతిని గూళ్లను, ఇసుక వేడిమిని, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన కళేబరములను నమోదు చేయించవలెను. ఒక్కొక్క కళేబరము ఆడదో మగదో, పెద్దదో చిన్నదో, ఏ తేదీన ఎక్కడ దొరకినదో వ్రాయించి, ఆ తేదీన ఆ నీటిలో ఏ పడవలు తిరిగెనో మత్స్యశాఖవారి పుస్తకములతో సరిచూడవలెను. ఈ పనికి తీరగ్రామముల యువకులనే తీసికొని, ఋతువు నడుచుచుండగనే నెలనెలకు జీతమీయవలెను. ఆ లెక్కలను ప్రతి సంవత్సరము ఆషాఢములోపల తెలుగులో అచ్చువేయించి, గ్రామసచివాలయముల గోడలమీద అంటింపవలెను. ఏ ఊరివారి లెక్క ఆ ఊరివారు చదివి, తప్పున్నచో తప్పని చెప్పుదురు.

కంచెలకు కర్రలు నవంబరులోపల తీరమును చేరవలెను. అందుకు ఉత్తరువు అంతకు రెండు నెలల ముందుగా, ఇరువురి సంతకములతో, ఒకే కాగితముమీద వెలువడవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
శ్రీకాకుళము తీరవాసి యొకడు